వెలెడా ఫోటోల్లో కంచె గుంజ

వెలెడా ఉంగర్ తీసిన ఫోటోలు చూసి ఎవరూ ఆహా అనరు. టోర్నడో ఎక్కడో ఒక పక్కన ఉంటుంది. సరిగ్గా మధ్యలో ఒక కంచె గుంజో, ఎవరిదో పోస్టు డబ్బానో, కరెంటు స్తంభమో నిలబడి ఉంటుంది. మే నెల వస్తే చాలు, ఎక్కడెక్కడి నుంచో ఖరీదైన కెమెరాలు పట్టుకుని మా మైదానాల మీదికి వచ్చేవాళ్ళు తీసే ఫోటోలు వేరు. వాటిలో ఆకాశం పచ్చగా, ఊదాగా మెరుస్తుంది. సుడి నడుము వంచి నిలబడినట్టుంటుంది. గోడకు తగిలించుకోవాలనిపిస్తుంది.

"తగిలించుకోవచ్చు, నేనేం కాదనను," అంటుంది వెలెడా. "కానీ దాన్ని చూసి అది ఎక్కడుందో చెప్పు చూద్దాం. కాన్సాసో నెబ్రాస్కానో కూడా తెలియదు. అది ఎవరింటి మీదికి పోతోందో తెలియనప్పుడు ఆ ఫోటో నాకెందుకు?"

ఆమెకు అరవై రెండేళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా మా జిల్లా రోడ్ల శాఖలో గ్రేడరు నడుపుతోంది. వాన పడి ఎండిన మట్టి రోడ్డు మీద ట్రక్కుల చక్రాలు చాళ్ళు పెడితే, ఆ పొడవాటి పసుపు బండి వేసుకుని వచ్చి చదును చేస్తుంది. మా దగ్గర రోడ్లన్నీ మైలుకొకటి చొప్పున తిన్నగా గీసినట్టుంటాయి, గళ్ళ నోటుబుక్కులో గీతల్లా. ఆ గళ్ళలో ఏ గీత ఎంత వానకు బురదవుతుందో, ఎక్కడ కంకర కింద బంకమట్టి దాక్కుని ఉందో ఆమెకు అరచేతిలో రేఖల కంటే బాగా తెలుసు. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టును ఒక పాత కాఫీ కప్పులో ఉమ్ముతూ, గంటకు ఆరు మైళ్ళ వేగంతో రోజంతా ఆకాశం కేసి చూస్తూ పని చేస్తుంది. అంత నెమ్మదిగా వెళ్ళేవాళ్ళకు ఆకాశం బాగా కనిపిస్తుందని ఆమె అంటుంది.

మా ఊరు ఓర్డెల్‌లో ఆకాశం చూసేవాళ్ళు అవసరం. దగ్గరి రాడార్ మాకు తొంభై మైళ్ళ దూరంలో ఉంది. రాడార్ కిరణం తిన్నగా పోతుంది, కింద భూమి వంగిపోతుంది. మా ఊరికి వచ్చేసరికి ఆ కిరణం నేలకు ఒకటిన్నర మైలు ఎత్తున ఉంటుంది. పైన మేఘం తిరుగుతోందని అది చెప్పగలదు. ఆ తిరుగుడు నేలను తాకిందో లేదో చెప్పలేదు. అది చెప్పాల్సింది కళ్ళున్న మనిషే. అందుకే ప్రతి వసంతంలో పదిమంది దాకా మైలు రాళ్ళ దగ్గర బళ్ళు ఆపుకుని కూర్చుంటారు. ఏమైనా కనిపిస్తే రేడియోలో ఎల్డన్ రెంపెల్‌కు చెబుతారు. ఎల్డన్ ధాన్యం గోదాము చూసుకుంటాడు. ఊళ్ళో స్వచ్ఛంద ఫైరు దళానికి నాయకుడూ అతనే. సైరన్ స్విచ్చి అతని చేతి కింద ఉంటుంది.

పదకొండేళ్ళ కిందట ఆ స్విచ్చి నొక్కించింది వెలెడా.

నాకు ఆ రోజు బాగా గుర్తు. అది మా హైస్కూలు పట్టాల పండుగ. పద్నాలుగు మందిమి నీలం గౌన్లు వేసుకుని జిమ్‌లో వరుసగా కూర్చున్నాం. నా పేరు పిలవబోతుండగా సైరన్ మోగింది. ఊరు ఊరంతా మెట్లు దిగి కింద బట్టలు మార్చుకునే గదిలోకి దూరాం. ఇరవై నిమిషాలు చెమటలో, పాత బూట్ల వాసనలో నిలబడ్డాం. టోర్నడో రాలేదు. వెలెడా చూసింది టోర్నడో కాదు. ఉరుముల వానకు ముందు తోసుకొచ్చే ఈదురుగాలి నేల మీద దుమ్మును సుడి తిప్పింది, అంతే. అలాంటి సుడికి పైన మేఘంతో సంబంధం ఉండదు. గడ్డివాములు కదిలించి పోతుంది. ఆమె దుమ్మును చూసింది గాని, తలెత్తి పైకి చూడలేదు.

ఊరు దాన్ని నవ్వి వదిలేసేదే. కానీ ఆ తొక్కిసలాటలో ఎల్డన్ వాళ్ళ అమ్మ మెట్ల మీద జారి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆవిడ మళ్ళీ కర్ర లేకుండా నడవలేదు. అప్పటి నుంచి వెలెడాకు "దుమ్ము వెలెడా" అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది ఎల్డన్.

అంతటితో ఆగలేదు. ఆమె రేడియోలో ఏం చెప్పినా, "ఇంకెవరైనా చూశారా?" అని అడగడం మొదలుపెట్టాడు. పక్కన రెండో మనిషి ఉండి అవునంటే తప్ప స్విచ్చి ముట్టుకునేవాడు కాదు. మిగతావాళ్ళకు ఈ నియమం లేదు. భర్త లాయిడ్ బతికి ఉన్నన్నాళ్ళు ఆమె ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళేది. లాయిడ్ పోయాక నాలుగు వసంతాలు ఒంటరిగా వెళ్ళింది. ఆ నాలుగేళ్ళూ ఆమె మాట రేడియోలో గాలికి పోయినట్టే. రెండుసార్లు ఆమె చెప్పిన టోర్నడోను ఎల్డన్ నమ్మింది, మరొకడు ఆరు నిమిషాల తర్వాత అదే మాట చెప్పాకనే. రెండూ పొలాల్లోనే తిరిగి పోయాయి కాబట్టి సరిపోయింది.

ఆమె ఎవరితోనూ వాదించలేదు. ఒక పొలం వేలంలో పాత డిజిటల్ కెమెరా ఒకటి కొనుక్కుంది. దాన్ని నిలువుగా పట్టుకుని, నేలా మేఘం అడుగూ రెండూ పడేలా ఫోటోలు తీయడం నేర్చుకుంది. మధ్యలో తప్పనిసరిగా ఊళ్ళో వాళ్ళకు తెలిసిన గుర్తు ఒకటి ఉండాలి. ఒక నిమిషం ఆగి, కాలు కదపకుండా, అదే చోటు నుంచి రెండోది తీస్తుంది. అచ్చు వేయించిన ప్రతి ఫోటో వెనక పెన్సిలుతో సమయం, ఏ మూల మలుపు, ఏ దిక్కు అని రాస్తుంది. నేను చూసినప్పుడు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. అందులో టోర్నడోలు ఆరే. మిగతావన్నీ వేలాడే మబ్బు పేలికలు, వాన తెరలు, దుమ్ము. తనకు టోర్నడోల్లా కనిపించి కాకుండా పోయినవన్నీ దాచుకుంది.

నేను ఆ ఫోటోలు చూడటానికి వెళ్ళింది మా పాప హాటీ పుట్టాక. నేను ఇప్పుడు నేను చదివిన బడిలోనే సైన్సు చెబుతున్నాను. మేఘాలు ఎలా పుడతాయో పిల్లలకు బోర్డు మీద గీసి చూపిస్తాను. అయినా హాటీ పుట్టిన దగ్గర్నుంచి పడమట కొంచెం నల్లబడితే చాలు, పిల్లను ఎత్తుకుని ఇల్లంతా తిరిగేదాన్ని. ఫోనులో వాతావరణ పటాలు రోజుకు ఇరవైసార్లు చూసేదాన్ని. నా భర్త ట్రెంట్ ఒక రోజు ఫోను లాక్కుని, "దీన్ని చూస్తే మబ్బు ఆగిపోతుందా? పోయి ఆ దుమ్మావిడతో తిరుగు. ఆవిడకు రెండో మనిషి కావాలి, నీకు భయం పోవాలి," అన్నాడు. ఎగతాళికే అన్నాడు. నేను వెళ్ళాను.

వెలెడా నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వు చెప్తే ఎల్డన్ నమ్ముతాడు, టీచరమ్మా. నీకు డిగ్రీ ఉంది కదా," అంది. "ఒకటే షరతు. నాకు కనిపించింది నీకు కనిపించకపోతే, కనిపించలేదనే చెప్పాలి. నా మొహం చూసి అవునన్నావో, బండి దింపేస్తాను."

ఆ షరతు ఎంత కష్టమైనదో మే మూడో వారంలో తెలిసింది.

ఆ రోజు గురువారం. పొద్దున ఒక వాన కురిసి వెలిసింది. మధ్యాహ్నానికి గాలి దక్షిణం నుంచి ఉడుకుగా, జిగటగా వీచింది. ట్రెంట్ పశువుల ట్రక్కు తోలుకుని పక్క రాష్ట్రానికి పోయాడు. హాటీ ఎప్పటిలాగే ఎల్డన్ భార్య రూత్ దగ్గర ఉంది. రూత్ తన పొలం ఇంట్లో ముగ్గురు నలుగురు పసిపిల్లలను చూసుకుంటుంది. ఆ రోజు మిగతావాళ్ళను తల్లులు ముందే తీసుకుపోయారు, హాటీ ఒక్కతే మిగిలింది. నాలుగున్నరకు వెలెడా పికప్ ట్రక్కు బడి ముందు ఆగింది.

"పిల్లను తెచ్చుకుని రావాలా?" అని అడిగాను.

"రూత్ ఇంటికి నేలమాళిగ ఉంది. నీ ఇంటికి లేదు. పిల్ల అక్కడే ఉండనీ. రూత్‌కు దిగమని చెప్పేవాళ్ళుండాలి, అంతే. సైరన్ అక్కడిదాకా వినపడదు."

ఊరికి నైరుతిగా ఏడు మైళ్ళు వెళ్ళి ఒక నాలుగు రోడ్ల కూడలిలో ఆపింది. అక్కడి నుంచి ఎల్డన్ రెంపెల్ వాళ్ళ ఇల్లు ఈశాన్యంగా రెండు మైళ్ళు. తిరిగి చూస్తే వాళ్ళ చెట్ల వరుస కనిపిస్తుంది. కూడలి మూలన ఒక లావాటి కంచె గుంజ ఉంది, దాని తల మీద ఒక పాత తోలు బూటు తలకిందులుగా దిగేసి ఉంది. మా దగ్గర అరిగిపోయిన బూటును పారేయరు. పొలం మూల గుంజకు తొడిగేస్తారు, యజమాని పోయాక కూడా అలా ఏళ్ళకేళ్ళు ఉండిపోతుంది. ఈ బూటు ఎండకు పగిలి, మడమ దగ్గర ఇనుప నాడా వేలాడుతోంది.

వెలెడా గుంజకు పది అడుగుల దూరంలో నిలబడి కాలితో మట్టిలో గీత గీసుకుంది. నాలుగు మైళ్ళ అవతల మేఘం అడుగు కిందికి జారి, పెద్ద పళ్ళెంలా వేలాడుతోంది. దాని కింద నేల మీద గోధుమరంగు దుమ్ము లేస్తోంది. రెంటికీ మధ్య ఏమీ లేదు. ఖాళీ. పుస్తకాల్లో చూపించే, మేఘం నుంచి నేలదాకా దిగే తొండం ఎక్కడా లేదు.

ఆమె కెమెరా ఎత్తింది. ఒకటి తీసింది. గడియారం చూసుకుంది. అప్పుడే రేడియో తీసుకుంది.

"ఎల్డన్, వెలెడాను. టోర్నడో నేల మీద ఉంది. సైరన్ వేయి."

కొంచెం సేపు గరగర. "ఏం కనిపిస్తోంది?"

"దుమ్ము."

అటు పక్క ఎవరో నవ్వారు. గోదాము దగ్గర ట్రక్కులు తూచే కాటా మీద ఎప్పుడూ నలుగురు నిలబడి ఉంటారు. మా వాళ్ళకు సైరన్ మోగితే కిందికి దిగడం కంటే బయటికొచ్చి చూడటం ఎక్కువ అలవాటు. ఎల్డన్ నవ్వలేదు.

"దుమ్మా. మళ్ళీనా వెలెడా? టీచరమ్మ ఉందా నీ పక్కన? ఆవిడకియ్యి."

రేడియో నా చేతికిచ్చింది. నా వైపు చూడలేదు. గుంజ వైపే చూస్తోంది.

"జానెల్, నీకు తొండం కనిపిస్తోందా?"

నాకు కనిపించింది కనిపించినట్టు చెప్పాలి. "దుమ్ము కనిపిస్తోంది. మేఘం దిగి ఉంది. తొండం కనిపించడం లేదు."

"సరే," అన్నాడు ఎల్డన్. "చూస్తూ ఉండండి." రేడియో ఆగిపోయింది.

వెలెడా మళ్ళీ గడియారం చూసుకుని, మట్టిలో గీసుకున్న గీత మీద కాళ్ళు పెట్టి, రెండో ఫోటో తీసింది. కెమెరా నా చేతిలో పెట్టింది.

"నా షరతు నువ్వు నిలబెట్టావు. ఇప్పుడు ఇవి చూడు. నా మాట వద్దు, నీ చదువుతో చూడు. ముందు గుంజ చూడు, తర్వాత దుమ్ము చూడు, తర్వాత పైన చూడు."

చిన్న తెర మీద రెండు ఫోటోలూ ముందుకూ వెనక్కూ తిప్పాను. మధ్యలో గుంజ, తల మీద బూటు. మొదటిదాంట్లో దుమ్ము గుంజకు ఎడమ పక్కన రెండు వేళ్ళ దూరంలో ఉంది. రెండోదాంట్లోనూ అక్కడే ఉంది. కానీ వెడల్పు అయింది. సరిగ్గా దాని నెత్తిమీద, మేఘం పళ్ళేనికి ఉన్న తోక లాంటి అంచు ఒక నిమిషంలో కుడి నుంచి ఎడమకు తిరిగి వచ్చింది. పైదీ కిందదీ ఒకే ఇరుసు మీద ఉన్నాయి.

పక్కకు పోయేదైతే గుంజను దాటి జరిగి ఉండేది. జరగకుండా పెద్దదవుతోంది. అంటే రెండే అర్థాలు. అక్కడే నిలబడి లావెక్కుతోందన్నా అనుకోవాలి, మనవైపు వస్తోందన్నా అనుకోవాలి. మే నెలలో మా మేఘాలు నిలబడవు. తొండం కనిపించకపోవడానికి కారణం నాకు అప్పుడు తట్టింది. గాలి పొడిగా ఉంటే మధ్యలో నీటి ఆవిరి మబ్బుగా మారదు. గాలి తిరుగుతూనే ఉంటుంది, కనిపించదు. కింద ఆ దుమ్మొక్కటే దాని గుర్తు. ఇది నేను పిల్లలకు చెప్పే పాఠమే.

మేం నిలబడ్డ చోటు దాటితే ఆ దారిలో తర్వాత ఉన్నది రెంపెల్ వాళ్ళ ఇల్లే.

"ఎల్డన్ గారూ, జానెల్‌ను. అది టోర్నడోనే. నేలను తాకే ఉంది. మా వైపుకే వస్తోంది, తర్వాత మీ ఇల్లు. హాటీ అక్కడుంది."

"ఇందాక కనిపించలేదన్నావు."

"ఇప్పుడూ తొండం కనిపించడం లేదు."

"మరి?"

చెప్పాల్సింది పాఠమంత ఉంది, చెప్పడానికి ఉన్నది నిమిషం. వెలెడా కెమెరా నా చేతిలోంచి తీసుకుని, పికప్ బానెట్ మీద పెట్టి, ఆ తెరను తన ఫోనుతో ఫోటో తీసింది. ఒకటి, రెండు. రెండూ ఎల్డన్‌కు పంపింది. తెర మీద చిన్న సున్నా తిరుగుతూ ఉండిపోయింది. సిగ్నల్ ఒక్క గీతే ఉంది; రూత్‌కు చేద్దామని తీసిన నా ఫోనులో అదీ లేదు. ఆమె ఫోనును తల మీదికి ఎత్తి పట్టుకుని నిలబడింది. నాకు ఆ తిరిగే సున్నా తప్ప లోకంలో ఇంకేమీ కనిపించలేదు.

ఫోటోలు వెళ్ళాయి.

రేడియోలో ఎల్డన్ గొంతు వచ్చింది. అది నాతో మాట్లాడే గొంతులా లేదు, తనలో తను అనుకుంటున్నట్టుంది.

"అది మా నాన్న బూటు."

"అవును," అంది వెలెడా.

"నువ్వు మా పొలం మూల మీద ఉన్నావు. నైరుతి చూస్తున్నావు."

"అవును. రెండు ఫోటోలకీ నిమిషం తేడా."

ఇంకేం అడగలేదు. రేడియో బటన్ మీది వేలు తీయడం మరచిపోయినట్టున్నాడు. కుర్చీ కిందపడిన చప్పుడు, కాటా మీది వాళ్ళను "కిందికి దిగండ్రా, అందరూ, ఇప్పుడే" అని కేకేయడం, ఆ వెనక సైరన్ పుంజుకుంటున్న మూలుగు, అన్నీ మాకు వినిపించాయి.

నేను అప్పటికే పికప్‌లో ఎక్కి కూర్చున్నాను. "ఉత్తరం రోడ్డు. ముందు ఉత్తరం ఒకటిన్నర మైలు, మలుపు తిరిగితే వాళ్ళ ఇల్లు. మూడు నిమిషాల్లో చేరతాం."

"చేరం."

"వెలెడా గారూ, నా పిల్ల అక్కడుంది."

"పొద్దున వాన పడింది ఆ రోడ్డు మీద. మొదటి అరమైలు బాగానే ఉంటుంది. తర్వాత గుంట దగ్గర అడుగంతా బంకమట్టి. మొన్న మంగళవారం నేనే గీశాను, పైన మెత్తగా ఉంది. చక్రం మునిగిపోతుంది. దాని ముందర ఇరుక్కుపోయి కూర్చుంటాం. రేపు నీ పిల్లకు అమ్మ ఉండాలా వద్దా?"

ఆమె తూర్పుకు, కంకర రోడ్డు మీదికి తిప్పింది. నేను తలుపు మీద చెయ్యి వేశాను. దిగి పరిగెత్తుదామనే వేశాను. ఆమె చూడకుండానే నా మోచెయ్యి పట్టుకుని, ఒంటి చేత్తో స్టీరింగు తిప్పుతూ, ఆ మైలు మొత్తం వదల్లేదు. తూర్పుకు మైలు, తర్వాత దక్షిణానికి అరమైలు. అక్కడ ఆపి వెనక్కి తిరిగాం.

అప్పుడు తొండం కనిపించింది. తడి గాలి తగిలిందేమో, మధ్యలోని ఖాళీ ఒక్కసారిగా తెల్లగా నిండిపోయింది. మేం నిలబడిన కూడలిని దాటింది. చెట్ల వరుసలోకి వెళ్ళింది. రేకులు పక్షుల్లా లేచాయి. శబ్దం రైలులా ఉంటుందంటారు. నాకు పెద్ద జలపాతం దగ్గర నిలబడినట్టనిపించింది. వెలెడా ఒక్క ఫోటో తీసి, దాని వెనక రాయడానికి సమయం చేతి మీద పెన్నుతో రాసుకుంది. తర్వాత ఏడ్చింది. పెద్దగా కాదు. ముక్కు తుడుచుకుని బండి స్టార్టు చేసింది.

కంకర రోడ్లు పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చేసరికి ఎల్డన్ మాకంటే ముందే వచ్చి ఉన్నాడు. ఇంటికి కప్పు లేదు. వరండా లేదు. వంటింటి గోడ మీద క్యాలెండరు మాత్రం మేకుకు అలాగే వేలాడుతోంది. నేలమాళిగ తలుపు మీద చెట్టు కొమ్మ ఒకటి పడి ఉంది. ఎల్డన్ దాన్ని ఒక్కడే లాగుతున్నాడు. ముగ్గురం కలిసి లాగాం. తలుపు తెరుచుకోగానే కింద చీకట్లోంచి రూత్ గొంతు వచ్చింది.

"నెమ్మదిగా, నెమ్మదిగా. పిల్ల ఇప్పుడే నిద్రపోయింది. లేపారంటే నేనే మిమ్మల్ని చంపుతాను."

హాటీ రూత్ భుజం మీద, నోట్లో బొటనవేలితో, చెమటతో తడిసి ఉంది. నేను దాన్ని తీసుకుని మెట్ల మీదే కూలబడిపోయాను. అది కళ్ళు తెరిచి, నన్ను చూసి, కోపంగా ఏడ్చింది. ఆ ఏడుపు అంత బాగుంటుందని నాకు అంతవరకు తెలియదు.

"ఆయన ఫోన్ చేసి 'దిగు' అన్నాడు," అని రూత్ చెప్పింది. "అంతే, పెట్టేశాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఈ మనిషి ఒక్క మాటతో ఫోను పెట్టేయడం చూడలేదు. ఏదో అయిందని అప్పుడే తెలిసింది. పొయ్యి మీద బన్నులు కూడా వదిలేసి దిగాను."

పొయ్యీ లేదు, బన్నులూ లేవు. ఎల్డన్ ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి వెలెడా పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ నైరుతి వైపు చూశారు.

"గుంజ?" అన్నాడు.

"లేదు. బూటూ లేదు."

"అమ్మ పడ్డ రోజు స్విచ్చి నొక్కింది నేను."

"తెలుసు."

"నువ్వు చెప్పావని నొక్కాను."

"అదీ తెలుసు, ఎల్డన్."

అతను రోడ్డు వైపు తిరిగాడు. తర్వాత, "ఈ ఉత్తరం రోడ్డు ఎప్పుడు గీస్తావు? రేపు ట్రక్కులు రావాలి, ఇదంతా ఎత్తాలి," అన్నాడు.

"ఎండితే గీస్తాను. తడిలో గీస్తే ఇంకా పాడవుతుంది."

మర్నాడు ఊరంతా వచ్చింది. కొందరు ట్రాక్టర్లతో, కొందరు చేతితొడుగులతో, ఇంకా కొందరు క్యాబేజీ, మాంసం కూరిన బన్నుల పళ్ళాలతో. వెలెడా గ్రేడరు తెచ్చి రోడ్డు మీది మేకులు, రేకులు ఒక పక్కకు నెట్టింది. "దుమ్ము వెలెడా" అని ఆమెను ఎవరూ పిలవలేదు. పిలవకూడదని ఎవరూ ఎవరికీ చెప్పనూ లేదు. ఒక వారం తర్వాత ఊళ్ళో కుర్రాడొకడు అలవాటు కొద్దీ అనబోతే, కాటా దగ్గర నిలబడ్డవాళ్ళు వాడి వైపు చూశారు. వాడు మాట మార్చుకుని, "వెలెడా గారు" అన్నాడు. అది ఆమెకే నచ్చలేదు.

జూన్ చివర్లో గోధుమ కోత మొదలైంది. మా ఊరికి మిగతా ఏడాదంతా ఒక ఎత్తు, ఆ పది రోజులూ ఒక ఎత్తు. గింజ పండాక ఒక్క వడగళ్ళ వాన పడితే ఏడాది పంట నేలపాలు. కోత మిషన్లు పొద్దు పోయేదాకా ఆగవు. ఒక సాయంత్రం ట్రెంట్ కోస్తున్న పొలం గట్టు మీద పికప్ వెనక తలుపు దింపి, హాటీని ఒళ్ళో పెట్టుకుని అన్నం పళ్ళాలు సర్దుతున్నాను. పడమట నల్లబడింది. మేఘం కింద మబ్బు పేలిక ఒకటి కిందికి వేలాడి, పొడుగ్గా సాగింది. దాని కింద దుమ్ము కూడా లేచింది. నా చెయ్యి హాటీని గట్టిగా పట్టుకుంది.

కోత మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి నెమ్మదించాయి. రేడియోలో ఎల్డన్ గొంతు వచ్చింది. గోదాము దగ్గర ట్రక్కులు వరుసలో ఉన్నాయి. అందరినీ దింపి మూసేయాలా వద్దా అని చూస్తున్నాడు.

"వెలెడా, ఏమంటావు?"

ఆమె అరమైలు అవతల రోడ్డు మీద గ్రేడరు ఆపుకుని నిలబడి ఉంది. ఇక్కడి నుంచి పసుపు చుక్కలా కనిపిస్తోంది. నేను అటే చూస్తున్నాను. ట్రెంట్ కోత మిషను తలుపు తెరిచి, ఒక కాలు బయటపెట్టి నిలబడ్డాడు. రెండు ఫోటోలకు పట్టే ఆ నిమిషం గడిచింది.

"అది ఏమీ కాదు," అంది రేడియోలో. "పైన తిరగడం లేదు. దుమ్మును గాలి లేపింది. వాన వస్తే గంట తర్వాత వస్తుంది. కోసుకోండి."

ఎల్డన్ ఇంకెవరినీ అడగలేదు. "సరే," అన్నాడు.

నా చెయ్యి వదులైంది. హాటీ పళ్ళెంలో చెయ్యి పెట్టి ఉడికిన బంగాళదుంప ముక్క ఒకటి అందుకుంది. ట్రెంట్ తలుపు మూసుకున్నాడు. మిషను మళ్ళీ గోధుమలోకి నడిచింది, దాని వెనక పొట్టు లేచి, సాయంత్రం ఎండలో పసుపుగా, తిన్నగా, గాలివాలుకు తేలిపోయింది.